గేదె ఎదకొచ్చిందని గుర్తుపట్టేదెలా? అరవదు, ఆత్రపడదు, నెలలు గడిచిపోతున్నాయి

కొల్లిపర_రైతు | మే 9, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది తెనాలి పక్కన కొల్లిపర మండలం. ఇంట్లో రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలు, ఒక జెర్సీ క్రాసు ఆవు ఉన్నాయి. ఆవుతో ఇబ్బంది లేదు, ఎదకొస్తే వీధంతా వినపడేలా అరుస్తుంది, పలుపు తెంపుకునేంత పని చేస్తుంది. బాధంతా పెద్ద గేదెతోనే. సంక్రాంతికి ముందు ఈనింది, రెండో ఈత. నాలుగు నెలలు నిండాయి, ఇంతవరకు ఒక్కసారి అరిచింది లేదు, మేత మానింది లేదు. పాలు చూస్తే రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. చూడి కట్టకుండా పాలు ఆగిపోతే అన్నాళ్లు ఊరికే మేపాలి, దాణా రేట్లు మీకు తెలియనివి కావు.

చూడి కట్టించే సూది, అదే వీర్యం సూది వేసే అతన్ని పిలిపిస్తే లోపల చెయ్యి పెట్టి చూసి, "గేదెలో లోపమేం లేదు, ఎద వచ్చి పోతోంది, మీరే చూసుకోవట్లేదు" అన్నాడు. నేనూ అమ్మా రోజంతా దాని ముందే ఉంటాం, ఇంకెలా చూడాలో అర్థం కావడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో కాస్త వివరంగా చెప్పండి.

దుగ్గిరాల_పెద్దాయన | మే 9, రాత్రి 9:25

నాయనా, రోజంతా చూస్తున్నానన్నావు, అక్కడే ఉంది సంగతి. గేదె ఎద ఎక్కువగా రాత్రిపూటే, అందులోనూ ఈ ఎండల్లో పగలు దానికి ఒగర్చడానికే సరిపోతుంది. పొద్దుగూకాక మొదలై నువ్వు లేచి పళ్లు తోముకునేసరికి సగం అయిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి తీసుకుని చావిట్లోకి వెళ్లు. గేదె పడుకుని ఉంటే లేపకు. వెనక్కి వెళ్లి మానం కింద నేల మీద టార్చి అడ్డంగా వెయ్యి, పైనుంచి వేస్తే ఏమీ కనపడదు. ఆవుకి మానం నుంచి కారే జిగురు తీగలు తోక వెంట వేలాడతాయి కదా, గేదెకి అలా ఉండవు, లోపలే నిలవుండి పడుకున్నప్పుడు పొట్ట నొక్కుడుకి బయటికొస్తాయి. అరచేతి మేర తడిగా మెరుస్తూ ఉంటుంది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య సాగదీస్తే తెగకుండా దారంలా వస్తే అది ఎద తీగ. ఉచ్చ అయితే సాగదు.

లేచాక తోక మొదట్లో చెయ్యి పెట్టి నిమురు. ఎదలో ఉన్న గేదె తోక పక్కకి ఎత్తి కదలకుండా నిలబడుతుంది. లేనిది తోక అదిమిపెట్టి ముందుకు జరుగుతుంది. అరుపు కోసం కూర్చుంటే మాత్రం మన గేదెల్లో చాలావాటికి ఏడాదంతా కూర్చోవలసిందే.

ఉయ్యూరు_పాడి | మే 9, రాత్రి 10:05

తమ్ముడూ, మా ఇంట్లో పాలు తీసేది నేనే కాబట్టి పొదుగు దగ్గర తెలిసేవి చెబుతాను. ఎద రోజు గేదె తొందరగా చేపదు, అంటే చన్నుల్లోకి పాలు దించదు. దూడను వదిలినా, పొదుగు కడిగినా, దాణా ముందు పెట్టినా చన్నులు వదులుగానే ఉండిపోతాయి. ఆ పూట లీటరు, లీటరున్నర తగ్గుతుంది, మరుసటి పూట అవి కలిపి ఇస్తుంది. పాలు తీస్తుండగా ఒకచోట నిలబడదు, కాలు మార్చి కాలు వేస్తుంది, చెవులు నిక్కించి వాకిలి వైపు చూస్తుంది. ఇంకో మంచి గుర్తు, కొంచెం కొంచెంగా మాటిమాటికీ ఉచ్చ పోస్తుంది, పోసిన తర్వాత కూడా తోక ఎత్తే ఉంచుతుంది. తొట్టిలో మేత ఎప్పుడూ ఊడ్చినట్టు తినే గేదె ఆ పూట మూల కాస్త వదిలేస్తుంది.

అయితే చేపలేదు కాబట్టి ఎద అనుకోవద్దు. దూడకి పారుడు పట్టినా, దాణా మార్చినా, పాలు తీసే మనిషి మారినా చేపదు. ఇలాంటివి రెండు మూడు ఒకే రోజు కలిస్తే మాత్రం ఆ రోజు గేదెను వదలకుండా చూడాలి.

మీ ఇంట్లో చావిడి ఎప్పుడు కడుగుతారు?

కొల్లిపర_రైతు | మే 10, ఉదయం 5:50

అక్కా, అమ్మ నాలుగున్నరకే లేచి ముందు పేడ తీసి పైపుతో నేలంతా కడిగేస్తుంది, గేదెల వెనక భాగం కూడా కడిగి ఆ తర్వాతే పాలకి కూర్చుంటుంది. పాల కేంద్రానికి ఆరింటికల్లా పాలు చేరాలి మరి. నేను లేచేది ఆ తర్వాత. పెద్దాయన గారు చెప్పింది చదివాక తెలుస్తోంది, మేం చూడాల్సింది మేం చూడకముందే నీళ్లలో పోతోంది.

తాడికొండ_పశువైద్యం | మే 10, మధ్యాహ్నం 2:15

పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. పైన ఇద్దరూ చెప్పినవి సరైనవే. కడగడం మానొద్దు, పొదుగువాపు రాకుండా అది కావాలి. కడిగే ముందు ఒక్క నిమిషం టార్చితో చూసి ఆ తర్వాత పైపు పట్టుకోమని అమ్మగారికి చెప్పండి, అంతే.

ఆవుకైనా గేదెకైనా ఎద సగటున 21 రోజులకోసారి వస్తుంది, 18 నుంచి 24 లోపు ఎప్పుడైనా రావచ్చు. ఆవులో ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. గేదెలో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి రోజు దాటుతుంది. అండం విడుదలయ్యేది ఎద నడుస్తుండగా కాదు, లక్షణాలు తగ్గిన తర్వాత. ఆవులో ఇంచుమించు 12 గంటల తర్వాత, గేదెలో కొంచెం అటూ ఇటూ. విడుదలైన అండం కొద్ది గంటలే పనికొస్తుంది. వీర్యకణాలు గర్భసంచిలో సుమారు ఒక రోజు బతుకుతాయి. అందుకని సూది ఎద చివరి భాగంలో పడితే అండం వచ్చే వేళకి కణాలు సిద్ధంగా ఉంటాయి. పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున వేయించమని మేం చెప్పేది ఈ లెక్క ప్రకారమే.

మానం కూడా చూడండి. మామూలు రోజుల్లో పెదవుల మీద ముడతలు ఉంటాయి. ఎదలో అవి సాపై, కాస్త ఉబ్బి మెత్తగా అవుతాయి, విడదీసి చూస్తే లోపల ఎర్రగా, తడిగా ఉంటుంది. దీనికి ఒక చిట్కా, ఎద లేని రోజుల్లో మీ గేదెను నాలుగైదుసార్లు చూసి పెట్టుకోండి. మామూలుగా ఎలా ఉంటుందో తెలియకపోతే ఉబ్బిందో లేదో చెప్పలేరు.

ఇంకో సంగతి కాలం గురించి. గేదె పగటి పొద్దు తగ్గే కాలంలో ఎదకొచ్చే జంతువు. మన దగ్గర సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగా వస్తాయి, ఏప్రిల్, మే, జూన్‌లలో చాలా గేదెలు అసలు రావు, వచ్చినా గుర్తులు బయటపడని మూగ ఎదే. నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ, ఎండని తట్టుకోలేదు. ఇప్పుడు కాలువలకి నీళ్లు ఆపేశారు కాబట్టి నీళ్లలో పడుకునే వీలు కూడా లేదు. పగలు రెండు మూడుసార్లు ఒళ్లంతా తడపండి, నీడ, గాలి ఉండేలా చూడండి, మేత ఎక్కువ భాగం రాత్రికి, తెల్లవారుజాముకి మార్చండి. వట్టి వరిగడ్డి మీద ఉన్న గేదెకి పచ్చిమేత కొంతైనా కలపాలి, లేకపోతే విటమిన్ ఏ అందదు. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి, నట్టల మందు వేసి చాలాకాలమైతే అదీ వేయించండి.

కంకిపాడు_డెయిరీ | మే 10, రాత్రి 9:00

డాక్టరు గారూ, గౌరవంతోనే చెబుతున్నా, పొద్దున చూస్తే సాయంత్రం అన్న లెక్క ఆవుకి నప్పినట్టు గేదెకి నప్పదు. ఆవు మీద ఇంకో ఆవు ఎక్కితే అది కదలకుండా నిలబడిన క్షణం మనకి కనపడుతుంది, అక్కడినుంచి లెక్కపెట్టొచ్చు. ఆడ గేదెలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం చాలా తక్కువ. మనం ఆరింటికి నేల మీద తీగ చూశామంటే అది రాత్రి ఎనిమిదికి మొదలైందో రెండింటికి మొదలైందో ఎవరు చెప్పగలరు? ఎనిమిదికే మొదలైన దానికి సాయంత్రం దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పైగా ఆదివారం, పండగ రోజు సూది వేసేవాళ్లు దొరకరు, ఫోను చేస్తే రేపొస్తానంటారు. రైతుకి ఒక ఎద తప్పితే 21 రోజులు పోయినట్టే. దొరికినప్పుడే వేయించడం మంచిదని నా అభిప్రాయం.

తాడికొండ_పశువైద్యం | మే 10, రాత్రి 10:30

మీ మాటలో న్యాయం ఉంది. ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు గడియారం కంటే తీగనే నమ్మాలి. ఎద మొదట్లో అది పల్చగా నీళ్లలా ఉంటుంది, సాగదు. నడుమ నుంచి కోడిగుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా, చిక్కగా, బాగా సాగుతుంది. సూదికి సరైన సమయం అదే. తగ్గే వేళకి ఇంకా చిక్కబడి కొంచెం మసకబారుతుంది. పొద్దున చూసినప్పుడే చిక్కగా సాగుతుంటే సాయంత్రం దాకా ఆగొద్దు, మధ్యాహ్నంలోపు వేయించండి. పల్చగా ఉంటే ఆగండి. వేయించిన 12 గంటలకి కూడా గేదె తోక ఎత్తి నిలబడుతూ, తీగ వేస్తూ ఉంటే రెండో సూది వేయించడం మేలు.

ఆదివారాల ఇబ్బంది నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. ఒకరి మీదే ఆధారపడకుండా దగ్గర్లోని పశువైద్యశాల, గోపాలమిత్ర (ఊళ్లో సూది వేసే కార్యకర్త), డెయిరీ తరఫున వచ్చేవాళ్లు, ఇలా ఇద్దరు ముగ్గురి నంబర్లు పెట్టుకోండి. వచ్చినతను గడ్డిపుల్లని, అదే వీర్యపు స్ట్రాని, నైట్రోజన్ డబ్బాలోంచి తీసి 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచాలి. ఆ నీళ్లు మీరే సిద్ధం చేసి ముందు పెట్టండి. చంకలోనో జేబులోనో కరిగిస్తే ఎద ఎంత బాగా కనిపెట్టినా ఉపయోగం ఉండదు.

దుగ్గిరాల_పెద్దాయన | మే 11, ఉదయం 6:20

మా రోజుల్లో ఊరికో దున్నపోతు ఉండేది. అది గేదె వెనక వాసన చూసి పైపెదవి ఎత్తి నిలబడిందంటే ఎద గురించి ఇంకెవర్నీ అడిగే పని లేదు. దాటించినా చూడి గ్యారంటీగా నిలిచేది. ఇప్పటికీ మా పక్క వీధిలో ఒకటుంది, ఏ సూదీ నిలవని గేదెల్ని అక్కడికే తోలుకెళుతున్నారు.

గన్నవరం_వెట్ | మే 11, ఉదయం 11:40

తాతగారూ, గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. దున్నపోతు ఎదని గుర్తుపట్టడంలో మనుషులకంటే ఎంతో మెరుగు, అందులో అనుమానం లేదు. పెద్ద డెయిరీల్లో ఇందుకే దున్నకి వీర్యనాళం కత్తిరించి ఉంచుకుంటారు, అది ఎదని చూపిస్తుంది, చూడి మాత్రం కట్టించదు. ఊళ్లో తిరిగే దున్నతో దాటించడంలో భయం ఏమిటంటే సూది నిలవని గేదెలన్నీ దాని దగ్గరికే వెళ్తాయి, వాటిలో గర్భసంచి జబ్బున్నవీ ఉంటాయి. ఒక గేదె నుంచి ఇంకో గేదెకి ఆ జబ్బులు దాని ద్వారానే అంటుకుంటాయి. ఈసుకుపోయిన, అంటే చూడి పోయిన గేదెల్లో బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే అది మనుషులకీ వస్తుంది, విడవని జ్వరం, కీళ్ల నొప్పులు. దున్నని చూపించడానికి వాడుకోండి, తాడు పట్టుకుని దూరంగా వాసన చూపిస్తే చాలు, దాటించొద్దు.

గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన ఫాం చుట్టుపక్కల ఒంగోలు ఆవులున్న రైతులు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. మన నాటు ఆవుల్లో ఎద జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసులకంటే తక్కువసేపు ఉంటుంది. ఉదయం, సాయంత్రం అరగంటైనా కట్లు విప్పి వదిలితేనే ఏది దేని మీద ఎక్కుతుందో కనపడుతుంది. రోజంతా గుంజకి కట్టేసిన ఆవులో ముఖ్యమైన గుర్తు మనకి దొరకదు.

మంగళగిరి_ఆవు | మే 12, రాత్రి 7:45

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, చాలా టెన్షన్‌గా ఉంది. మా హెచ్‌ఎఫ్ ఆవుకి మొన్న సాయంత్రం సూది వేయించాం. ఈ రోజు తోకకి, పిర్రకి రక్తపు చారలు అంటుకుని ఉన్నాయి. సూది వేసేటప్పుడు లోపల ఏమైనా గుచ్చుకుందా? చూడి పోయినట్టేనా?

తాడికొండ_పశువైద్యం | మే 12, రాత్రి 8:10

కంగారు పడకండి అమ్మా. ఆవుల్లో ఎద అయిపోయిన ఒకటి నుంచి మూడు రోజుల్లో కొంచెం రక్తం కనపడడం మామూలే, ఇంకా ఈనని ఆవు పెయ్యల్లో మరీ ఎక్కువ, గేదెల్లో, గేదె పడ్డల్లో అరుదు. చూడి నిలిచిందనీ కాదు, పోయిందనీ కాదు. ధారగా కారుతున్నా, వాసన వస్తున్నా చూపించండి. ఎద చూడని ఆవుకి ఇలా రక్తం కనిపిస్తే ఎద దాటిపోయినట్టు అర్థం, అప్పుడు సూది వేయిస్తే దండగ. ఆ తేదీ రాసుకుని 17వ రోజు నుంచి కాపు కాయండి.

కొల్లిపర_రైతు | మే 17, ఉదయం 6:45

దొరికింది! నాలుగున్నరకి అమ్మ పైపు పట్టుకోబోతుంటే ఆగమని టార్చి వేశాను. గేదె పడుకునే ఉంది. మానం కింద సిమెంటు నేల మీద చిన్న మడుగులా ఉంది. వేలితో తీస్తే జానెడు సాగింది. తోక కింద నిమిరితే తోక పక్కకి పెట్టి నిలబడిపోయింది, మామూలుగా ఈ గేదె చెయ్యి పడితేనే తన్నుతుంది. అరుపు మాత్రం లేదు. ఒక్క అనుమానం, ఆ తీగలో తెల్లటి పొడల్లాంటివి చిన్నవి కనపడుతున్నాయి. ఫోటో పెట్టాను. సాయంత్రం వేయించమంటారా?

తాడికొండ_పశువైద్యం | మే 17, ఉదయం 7:20

వద్దు. ఫోటో చూశాను, ఆ పొడలు చీము. ఈనినప్పుడు మాయ ఆలస్యంగా పడిందా? అలాంటివాటిలో గర్భసంచి లోపల వాపు మిగిలిపోతుంది. బయటికి జబ్బులా కనపడదు, మేత తింటుంది, పాలు ఇస్తుంది, సూది మాత్రం నిలవదు. ఈ ఎద వదిలేయండి. ఈ రోజే పశువైద్యశాలకి తీసుకెళ్లి గర్భసంచిలోకి మందు ఎక్కించండి, ఎదలో ఉన్నప్పుడు గర్భసంచి ముఖద్వారం తెరుచుకుని ఉంటుంది కాబట్టి మందు లోపలికి చేరడం తేలిక. 21 రోజులు పోతాయని బాధపడొద్దు, ఇప్పుడు వేయిస్తే ఆ 21 రోజులూ పోతాయి, సూదీ పోతుంది.

కొల్లిపర_రైతు | మే 17, రాత్రి 9:10

మాయ మర్నాటికి గానీ పడలేదు, మీరు చెప్పింది నిజమే. మందు ఎక్కించారు. జూన్ 7 దగ్గర క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టాను, అమ్మకి కనపడేలా పాలబిందెల పక్కనే వేలాడదీశాను.

ఉయ్యూరు_పాడి | మే 17, రాత్రి 9:40

మంచి పని చేశావు తమ్ముడూ. మూడో తారీకు నుంచే చూడటం మొదలుపెట్టు, సరిగ్గా ఏడుకే వస్తుందని కూర్చోకు. రెండో గేదె తేదీలు కూడా అదే క్యాలెండర్ మీద వేరే రంగుతో రాయి. ఈనిన రోజు, ఎద వచ్చిన రోజు, సూది పడిన రోజు, ఏ దున్న వీర్యమో స్ట్రా మీది నంబరు, అన్నీ ఉంటే డాక్టరు గారు అడిగినప్పుడు గుర్తు చేసుకునే పని ఉండదు.

కొల్లిపర_రైతు | జూన్ 8, మధ్యాహ్నం 12:30

నిన్న తెల్లవారుజామునే వచ్చింది. తీగ ఈసారి అద్దంలా ఉంది, ఒక్క పొడ లేదు. మొదట పల్చగా ఉంది కాబట్టి ఆగాం, మధ్యాహ్నం మూడింటికి సాగడం మొదలైంది, ఐదింటికి సూది పడింది. గోరువెచ్చని నీళ్లు నేనే పెట్టాను. ఈ రోజు పొద్దున కూడా తోక ఎత్తుతుంటే రెండోసారి వేయించాం. పొద్దున పాలు కూడా తక్కువే ఇచ్చింది, అక్క చెప్పినట్టే.

కొల్లిపర_రైతు | జూన్ 30, ఉదయం 6:00

24 నుంచి ఈ రోజు దాకా రోజూ టార్చి వేసి చూస్తున్నాం, నేల పొడిగానే ఉంది, తోక ఎత్తడం లేదు. చూడి కట్టినట్టే అనుకోవచ్చా? కాలువకి నీళ్లొచ్చాయి, సాయంత్రాలు తోలుకెళ్తున్నా, దానికీ ప్రాణం తెరిపిన పడింది.

తాడికొండ_పశువైద్యం | జూన్ 30, మధ్యాహ్నం 1:10

ఆశ పెట్టుకోండి, నమ్మకం అప్పుడే పెట్టుకోవద్దు. మూగ ఎద వచ్చే గేదెకి ఎద కనపడకపోవడం కొత్త కాదు కదా. సూది పడిన రెండు నెలలు దాటాక చెయ్యి పెట్టి చూపిస్తే తేలుతుంది, మీకు ఆగస్టు రెండో వారంలో. అప్పటివరకు వారానికి రెండుసార్లైనా తెల్లవారుజామున చూడటం ఆపొద్దు.

కంకిపాడు_డెయిరీ | జూలై 2, రాత్రి 8:30

డాక్టరు గారూ, ఇదే సందర్భంలో అడుగుతున్నా. మా దగ్గర మూడు నెలల చూడి గేదె, మీలాంటి డాక్టరే చూసి నిర్ధారించారు, నిన్న తోక ఎత్తుతూ తీగ వేసింది. మా పనివాడు సూది వేయిద్దామంటున్నాడు.

తాడికొండ_పశువైద్యం | జూలై 2, రాత్రి 9:00

ససేమిరా వద్దు. చూడి పశువుల్లో కొన్ని మధ్యలో ఎద లక్షణాలు చూపిస్తాయి. చూడి గర్భసంచి మూతి ఒక గట్టి జిగురు బిరడాతో మూసుకుని ఉంటుంది, సూది గొట్టం దాన్ని ఛేదిస్తే ఈసుకుపోతుంది. ఎదకి తెచ్చే హార్మోన్ ఇంజెక్షన్ల విషయంలోనూ ఇంతే, చూడి పశువుకి పొరపాటున ఆ ఇంజెక్షన్ పడితే చూడి పోతుంది. అందుకే "ఎదకి రావడం లేదు, ఇంజెక్షన్ వేయండి" అని ఎవరడిగినా ముందు చెయ్యి పెట్టి చూసిన తర్వాతే వేయించుకోవాలి. మీ గేదెని రేపు మళ్లీ ఒకసారి చూపించండి, చూడి లోపలే పోయి మళ్లీ ఎదకొచ్చిందేమో కూడా తేల్చుకోవాలి.

పొన్నూరు_కొత్త_పాడి | జూలై 5, సాయంత్రం 6:15

మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మా ఇంట్లో పుట్టిన ముర్రా పడ్డ ఉంది, రెండున్నరేళ్లు దాటింది, ఈ మధ్య రెండుసార్లు తీగ వేసింది. మొదటి ఎదకే వేయించాలా, ఆగాలా? ఆడదూడలు పుట్టే సూది వేయిస్తే మంచిదని ఎవరో అన్నారు.

తాడికొండ_పశువైద్యం | జూలై 5, రాత్రి 8:20

పడ్డకి వయసు కంటే బరువు ముఖ్యం. 275 కిలోలు దాటి ఉంటే, ఎద క్రమంగా వస్తుంటే వేయించొచ్చు. తక్కువుంటే దాణా పెంచి ఆగండి, చిన్న ఒంటి మీద చూడి పడితే ఈనేటప్పుడు కష్టం, తర్వాత పాలూ రావు. తూకం లేకపోతే ఛాతీ చుట్టుకొలత, పొడవు టేపుతో కొలిచి పశువైద్యశాలలో చెబితే బరువు లెక్కకట్టి చెప్తారు. ఆడదూడల కోసం లింగ నిర్ధారిత వీర్యం వాడితే పదింట తొమ్మిది వరకు ఆడదూడలే పుడతాయి. కానీ ఆ స్ట్రాలో కణాల సంఖ్య తక్కువ, సమయం తప్పితే మామూలు స్ట్రా కంటే త్వరగా విఫలమవుతుంది. మీ పడ్డ ఎద మీకు బాగా పట్టుబడిందనుకున్నాకే వేయించండి. రెండు ఎదల మధ్య ఎన్ని రోజులు వచ్చిందో చెప్పగలరా?

పొన్నూరు_కొత్త_పాడి | జూలై 5, రాత్రి 8:55

రాసుకోలేదండీ. ఈసారి నుంచి రాస్తాను. టేపుతో రేపు పొద్దున కొలిచి ఇక్కడే పెడతాను.